ఎవరిని అడగలేదు?

ధర్మాన్ని గురించి మనం చాలా మాట్లాడుతాము. ఏది తప్పు, ఏది ఒప్పు అని ఇంట్లో వాదిస్తాము, రచ్చబండ దగ్గర వాదిస్తాము, రైలుబండిలో ముఖపరిచయమైనా లేని తోటి ప్రయాణికులతో కూడా వాదిస్తాము. వాదం ముగిసేసరికి గొంతులు బొంగురుపోతాయి గాని, విషయం మాత్రం మొదలుపెట్టినచోటనే ఉంటుంది. మనలో ధర్మబుద్ధి లేక ఇట్లా జరుగుతున్నదని నేను అనుకోను. మనం వేసుకునే ప్రశ్నే సరిగా లేకపోవడం అనేక పర్యాయాలు ఇందుకు కారణమవుతున్నది.

ఈ పూట మీకు ఒకే ఒక ప్రశ్నను మనవి చేయదలచుకున్నాను. ఏ ధర్మసందేహం కలిగినా సరే, తీర్పు చెప్పడానికి ముందు ఇట్లా అడగండి. ఈ నిర్ణయపు భారం ఎవరిమీద పడుతున్నది? వారిని మనం అడిగామా? మరొక్కసారి చెబుతాను. భారం ఎవరిమీద పడుతున్నది? వారిని అడిగామా?

తండ్రి కాలంచేసి సంవత్సరీకాలు కూడా పూర్తయిన ఒక ఇంటిని తలచుకోండి. ఇట్టి ఇల్లు మీరు చూడనిది కాదు. ముగ్గురు కొడుకులు వసారాలో కూర్చున్నారు. ఒకరు హైదరాబాదులో ఉద్యోగం, ఒకరు విజయవాడలో వ్యాపారం, ఒకరు ఊళ్ళోనే వ్యవసాయం. పొలం పంపకాలు అయినవి. ఇంటి సంగతి తేలింది. ఇక తేలవలసినది తల్లి సంగతి. పెద్దవాడు, "అమ్మను చూసుకోవడం ముగ్గురి ధర్మమూను, కనుక ఏడాదికి తలా నాలుగు నెలలు" అంటాడు. రెండవవాడు, "మాది అద్దె ఇల్లు, రెండే గదులు. ఊళ్ళో ఉన్నవాడు ఎక్కువ నెలలు ఉంచుకోవడం న్యాయం" అంటాడు. మూడవవాడు, "ఇన్నాళ్ళూ చూసింది నేనే గదా" అంటాడు. ముగ్గురూ చెడ్డవారు కారు. ముగ్గురి నోటా ధర్మం, న్యాయం అనే మాటలే వస్తున్నవి.

ఆ వసారాకూ వంటింటికీ మధ్య ఒక్క గుమ్మమే అడ్డం. గుమ్మానికి అవతల పీట మీద కూర్చుని, చేటలో చిక్కుడుకాయలు పోసుకుని, ఒక్కొక్క కాయకూ ఈనె తీస్తూ ఆ తల్లి ప్రతి మాటా వింటూనే ఉన్నది. గంట గడిచింది. ఆ ముగ్గురిలో ఒక్కరైనా లేచి నాలుగడుగులు వేసి వంటింట్లోకి వెళ్ళలేదు.

అమ్మ ఎవరి దగ్గర ఉండడం ధర్మం? వారు వేసుకున్న ప్రశ్న ఇది. ఆ ప్రశ్నలో కొడుకులు మనుషులు, తల్లి మాత్రం పంచుకోవలసిన వంతు. ప్రశ్న అట్లా ఉన్నంతవరకూ ఎంతటి సత్పురుషుడు సమాధానం చెప్పినా నెలల లెక్కే వస్తుంది. అదే ఒకడు వెళ్ళి, "అమ్మా, నీకు ఎక్కడ ఉండాలని ఉన్నది? ఏది లేకపోతే నీకు రోజు గడవదు?" అని అడిగితే ఏమంటుంది? "నెలల లెక్క మీరే చూసుకోండి, నాయనా. కార్తీకమాసం మాత్రం నన్ను ఊళ్ళో ఉండనివ్వండి. నా బీపీ మందులు ఒక్క డాక్టరే రాసేటట్టు చూడండి, ఇల్లు మారినప్పుడల్లా మందు మారిపోతున్నది. మీ నాన్నగారి పెట్టె నాతోనే రావాలి, అటక ఎక్కించకండి" అంటుంది. ఇవి మూడు చిన్న సంగతులు. గంటసేపు సాగిన ధర్మచర్చలో ఒక్కటైనా ఎవరికీ తట్టలేదు. అడిగి ఉంటే అరనిమిషంలో తెలిసిపోయేవి.

మంచి వైద్యుడు రోగి మంచం పక్కకు రాగానే వ్యాధి పేరు చెప్పడు. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏమి తింటే ఎక్కువవుతున్నది అని అడుగుతాడు. నొప్పి ఎవరిదో వారినే అడుగుతాడు. ధర్మనిర్ణయం చేయబూనిన మనం మాత్రం నొప్పి ఒకరిదైతే, చుట్టూ నిలబడ్డవారి నాడి చూస్తున్నాము.

ఈ ప్రశ్న నేను కొత్తగా కల్పించినది కాదు. మన భారతంలోనే ఉన్నది. సభాపర్వం జ్ఞాపకం చేసుకోండి.

ధర్మరాజు జూదంలో ధనకనకాలను, రాజ్యాన్ని, తమ్ములు నలుగురినీ, పిమ్మట తన్ను తానునూ ఒడ్డి ఓడిపోయి, ఇక ఒడ్డడానికి ఏమీ మిగలని దశలో శకుని పురికొల్పగా ద్రౌపదిని సైతం పణంగా పెట్టి ఓడిపోయినాడు. ఆమెను సభకు తీసుకొని రమ్మని దుర్యోధనుడు ప్రాతికామి అనే సేవకుణ్ణి అంతఃపురానికి పంపినాడు. ఆ వార్త విన్న ద్రౌపది వాడిని ఒక ప్రశ్నతో వెనుకకు పంపింది. ధర్మరాజు ముందుగా తన్ను ఓడినాడా, నన్ను ఓడినాడా, సభలో అడిగి రమ్మన్నది.

సభలో ఉన్నవారంతా అంతవరకు ఏమి ఆలోచిస్తున్నారు? పాచికలు ఎట్లా పడినవి, పందెం చెల్లుతుందా చెల్లదా, ఇంతే. ద్రౌపది ఆ ప్రశ్నను మార్చివేసింది. తనకు తానే స్వామి కానివాడికి నన్ను ఒడ్డే అధికారం ఎక్కడినుంచి వచ్చిందని అడిగింది. ధర్మరాజు నోట మాట రాలేదు. భీష్ముడంతటివాడు ధర్మం అతిసూక్ష్మమన్నాడు. స్వాతంత్ర్యం లేనివాడు ఇతరుల సొత్తును ఒడ్డలేడు, కాని భార్య ఎప్పటికీ భర్తకు అధీనురాలు గదా, కనుక ఎటూ తేల్చలేకపోతున్నానన్నాడు.

శ్రోతలారా, ఆ మాటను కొంచెం నిదానించి చూడండి. పితామహుడు రెండు వైపులా ఆలోచించినాడు. నిజమే. కాని ఆ రెండు వైపులూ భర్త అధికారాన్ని గురించినవే. ఒక వైపు భర్తకు అధికారం పోయింది, ఇంకొక వైపు భర్తకు అధికారం ఉన్నది. భారమంతా ఎవరిమీద పడుతున్నదో ఆ ద్రౌపది పక్షాన నిలబడి చూసే మూడవ వైపు ఆ మహాజ్ఞానికి ఆనాడు కనిపించలేదు. విద్యకు కొరతగలవాడా ఆయన? కాదు. ఎంత విద్య ఉన్నా, అడగవలసినవారిని వదలి అడిగితే ధర్మం చిక్కుముడిగానే ఉండిపోతుంది.

కౌరవులలోనే ఒకడు, వికర్ణుడు, లేచినాడు. వ్యసనంలో మునిగినవాడు చేసిన పని చెల్లదనీ, తన్ను ఓడిన పిమ్మట ఒడ్డిన పందెమనీ, ద్రౌపది అయిదుగురికీ భార్య గాని ఒక్కడి సొత్తు కాదనీ, ఆమె పేరెత్తినవాడు శకుని అనీ చెప్పినాడు. కర్ణుడు అతనిని కసిరి కూర్చోబెట్టినాడు. విదురుడు ప్రహ్లాదుని కథ జ్ఞాపకం చేసి, సభలో అడిగిన ధర్మప్రశ్నకు సమాధానం తెలిసీ చెప్పనివారు పాపంలో పాలుపంచుకుంటారని హెచ్చరించినాడు. సభ పలకలేదు.

కడపట ఏమి జరిగినది? అపశకునాలకు భయపడి అయితేనేమి, ధృతరాష్ట్రుడు ద్రౌపదిని పిలిచి నీకేమి కావాలో కోరుకోమన్నాడు. ఆ సభలో ఆమెను అట్లా అడగడం అదే మొదలు. ఆమె మొదటి వరంతో ధర్మరాజు దాస్యం తొలగించింది. రెండవ వరంతో తక్కిన నలుగురినీ ఆయుధాలతో సహా విడిపించింది. మూడవది కోరుకోమంటే అక్కరలేదన్నది. పండితసభ అంతా కలిసి విప్పలేని ముడిని, అడిగితే, ఆమె రెండు మాటలలో విప్పింది.

అందుచేత మళ్ళీ చెబుతున్నాను. భారం ఎవరిమీద పడుతున్నది? వారిని అడిగామా?

ఇది పురాణకాలపు మాట అనుకుంటారేమో. దగ్గరి కాలానికి వద్దాము. కన్యాశుల్కం నాటకం మీకందరికీ తెలిసినదే. గిరీశం తెలుసు, మధురవాణి తెలుసు. 1897లో ఆ నాటకం మొదటి కూర్పు అచ్చయినప్పుడు గురజాడ అప్పారావుగారు దానికి వ్రాసిన పీఠికలో ఒక లెక్క ఇచ్చినారు. విజయనగరం మహారాజావారు విశాఖపట్టణం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళ కాలంలో డబ్బు తీసుకుని చేసిన ఆడపిల్లల పెళ్ళిళ్ళ పట్టిక తయారుచేయించినారు. నమోదైనవే 1034. అందులో 99 మంది పిల్లలు అయిదేళ్ళవారు. 44 మంది నాలుగేళ్ళవారు. 36 మంది మూడేళ్ళవారు. ఆరుగురు రెండేళ్ళవారు. ముగ్గురికి ఒక్కటే ఏడు. ఆ ఏడాది పసికందులకు పలికిన ధర 350 రూపాయలు మొదలు 400 దాకా.

అంతకుముందు కన్యాశుల్కాన్ని గురించి వాదాలు లేకపోలేదు. శాస్త్రం అంగీకరిస్తుందా, ఆచారమా, దురాచారమా, తండ్రికి హక్కున్నదా, బీదబ్రాహ్మడు వేరే ఏమి చేయగలడు, ఇట్లాగ ఎన్నో. ఆ ప్రశ్నలన్నిటికీ రెండు పక్షాల వారిదగ్గరా శ్లోకాలున్నవి. మహారాజావారి పట్టిక అడిగినవి వేరే ప్రశ్నలు. పిల్లకు ఎన్నేళ్ళు? ఎంతకు ఇచ్చినారు? ఏడాది పిల్లకు నోరు లేదు. ఆమెను అడిగితే చెప్పలేదు. కాని ఆమె వయస్సు చెబుతుంది. ఆమె తరఫున ఆ అంకె సభకు వచ్చి నిలబడుతుంది. భారం మోసేవారు పలకలేని స్థితిలో ఉన్నప్పుడు, వారి సంగతులను ఓపికగా పోగుచేయడమే వారిని అడగడం. నోరు లేనివారి విషయంలో మనకు ఇంతకు మించిన మార్గం లేదు.

వీరేశలింగం పంతులుగారి కృషి కూడా ఇక్కడే జ్ఞాపకం చేసుకోవాలి. ఈశ్వరచంద్ర విద్యాసాగరుల పట్టుదల ఫలితంగా 1856లోనే వితంతు వివాహం చట్టసమ్మతమైనది. తప్పా ఒప్పా అన్న ప్రశ్నకు ప్రభుత్వం సమాధానం చెప్పివేసింది. అయినప్పటికీ రాజమహేంద్రవరంలో పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించగలిగినది 1881 డిసెంబరు 11వ తేదీన. నడుమ 25 సంవత్సరాలు గడిచిపోయినవి. ఎందువల్ల? వితంతువైన పిల్ల వైపునుంచి అడగవలసిన ప్రశ్నలు మిగిలిపోయినవి గనుక. పెళ్ళి అయితే అయింది, రేపు ఆ దంపతులు ఎక్కడ ఉంటారు? వారి ఇంట భోజనానికి ఎవరు వస్తారు? వారికి పౌరోహిత్యం ఎవరు చేస్తారు? కులంవారు వెలివేస్తే వారి పక్షాన ఎవరు నిలబడతారు? పంతులుగారు ఉపన్యాసాలు ఇచ్చినారు, శాస్త్రచర్చలు చేసినారు, అది నిజం. కాని ఆ వివాహం జరిగినది ఉపన్యాసం వల్లనే కాదు. ఈ చిన్న ప్రశ్నలకు ఒక్కొక్కదానికీ ఆయనా, ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారూ, మిత్రులూ తమ ఇంటితోనూ డబ్బుతోనూ సమాధానం చెప్పినారు గనుక జరిగినది.

ఇక మన ఇళ్ళకు తిరిగి వద్దాము.

అడిగాము అనుకుంటూనే అడగకపోవడం కూడా కలదు. పెళ్ళిచూపులు చూడండి. మగపెళ్ళివారు ఎనిమిదిమంది వచ్చి కూర్చున్నారు. చాపమీద పిల్లను కూర్చోబెట్టినారు. మేనమామ వంగి, అందరూ వింటూండగా, "ఏమ్మా, నీకిష్టమేనా?" అంటాడు. పిల్ల తల వంచుకుంటుంది. "అమ్మాయికి ఇష్టమే" అని ఆయన ప్రకటిస్తాడు. అడిగినట్టేనా? ఆ ఎనిమిదిమంది ఎదుట ఆ పిల్ల కాదనగలదా? కాదంటే తండ్రి పరువు పోతుంది, తల్లి కంట నీరు పెడుతుంది, ఊరంతా చెప్పుకుంటుంది. కాదనడానికి వీలులేని చోట అడిగిన ప్రశ్న ప్రశ్న కాదు, అది ఆజ్ఞ. కనుక అడగడమంటే కాదనే వీలు కల్పించి అడగడం. ముందునాటి రాత్రి పెరటి అరుగు మీద తల్లి ఒక్కతే పక్కన కూర్చుని, "నీకు నచ్చకపోతే చెప్పు. నాన్నగారితో నేను మాట్లాడుతాను. నిన్ను ఎవరూ ఏమీ అనరు" అని చెప్పి అడిగితే అది అడగడం.

ఇంకొక ఇల్లు చూడండి. సంక్రాంతి వచ్చింది. పనిమనిషి భోగినాడూ పండుగనాడూ రాలేదు. ఇంట్లో చుట్టాలు, సింకు నిండా అంట్లు. చెప్పకుండా మానివేయడం తప్పా కాదా, రెండు రోజుల జీతం కోయవచ్చునా కోయరాదా అని మొగుడూ పెళ్ళాం వాదించుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరైనా డిసెంబరులోనే ఆమెను, "మీ ఇంట్లో పండుగ ఎట్లా చేసుకుంటారు? నీకు ఏ రోజు వీలు?" అని అడిగి ఉంటే, ఆమె భోగి సాయంత్రం వచ్చి చేసిపోతానని చెప్పి ఉండేది. మన పండుగ వచ్చిన రోజే ఆమె పండుగ కూడా వస్తుందన్న సంగతి, అడగనంతకాలం, మనకు తట్టదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. "ఎవరిని అడిగితే వారు తమకు అనుకూలంగానే చెప్పుకుంటారు గదా? అట్లాంటప్పుడు న్యాయం ఎట్లా?" అని మీలో కొందరు అనుకుంటారు. మంచి సందేహమే. అడగడం వేరు, అడిగినవారు చెప్పినదల్లా చేయడం వేరు. తల్లి కోరినవి మూడూ జరగకపోవచ్చును. పనిమనిషి అడిగిన సెలవు అంతా ఇవ్వలేకపోవచ్చును. కాని విని కాదన్న తీర్పుకూ, వినకుండా చెప్పిన తీర్పుకూ చాలా భేదం కలదు. విని కాదన్నవాడు కారణం చెప్పవలసివస్తుంది. ఆ కారణం చెబుతూ ఆ మనిషి ముఖంలోకి చూడవలసివస్తుంది. ఆ చూపుకు నిలవని తీర్పును మనమే మార్చుకుంటాము. విదురుడు చెప్పిన కథలో ప్రహ్లాదుడు తన కన్నకొడుకు విరోచనుడికీ సుధన్వుడికీ తగవు తీర్చవలసివచ్చినప్పుడు, ఇద్దరూ ప్రాణాలు ఒడ్డి ఉన్నారని ఎరిగి కూడా, సుధన్వుడే గొప్పవాడని తన కొడుకుకు వ్యతిరేకంగానే తీర్పు చెప్పినాడు. అందరి మాటా వినడం వల్ల తీర్పు మెత్తబడదు. గట్టిపడుతుంది.

మరొక సందేహం. భారం మోసేవారు ఎదుట లేకపోతే? దూరదేశంలో ఉంటే? చనిపోయి ఉంటే? దీనికి కూడా భారతంలోనే దారి ఉన్నది. అరణ్యపర్వంలో నలుగురు తమ్ములూ కొలని ఒడ్డున పడి ఉండగా, యక్షుడు ధర్మరాజు సమాధానాలకు సంతోషించి, ఒక్కడిని బ్రతికిస్తాను, ఎవరు కావాలో కోరుకోమన్నాడు. ముందు యుద్ధం ఉన్నది. భీముడి బలం కావాలి, అర్జునుడి విల్లు కావాలి. ధర్మరాజు నకులుణ్ణి అడిగినాడు. యక్షుడు ఆశ్చర్యపడితే, కుంతి కొడుకులలో తాను ఉన్నాననీ, మాద్రి కొడుకులలో కూడా ఒకడు ఉండాలనీ చెప్పినాడు. మాద్రి ఎప్పుడో చితి ఎక్కింది. ఆమె తరఫున అడిగేవారు ఆ అరణ్యంలో ఎవరూ లేరు. జూదంనాడు ఇంట్లో ఉన్న భార్యను అడగనివాడే, పన్నెండేళ్ళ వనవాసం చేసిన పిమ్మట, ఈ లోకంలోనే లేని మాద్రికి ఏమి మిగులుతుందని తన్ను తాను ప్రశ్నించుకున్నాడు. నకులుడితోపాటు తక్కిన ముగ్గురూ లేచినారు.

ఈ మార్పు ఎవరికైనా సాధ్యమేనని నా నమ్మకం. దానికి పాండిత్యం అక్కరలేదు. ధైర్యం మాత్రం కొంచెం కావాలి. అడిగితే ఏమి వినవలసివస్తుందోనన్న భయమే చాలాసార్లు మనలను అడగనీయకుండా ఆపుతున్నది.

కనుక ఈ వారంలో ఒక్కసారి ప్రయత్నించి చూడండి. మీ ఇంట్లోనో, మీ కార్యాలయంలోనో, మీ వీధి సంఘంలోనో ఏదో ఒకటి తప్పా ఒప్పా అన్న వాదం వస్తుంది. రాకుండా ఉండదు. అప్పుడు మీ అభిప్రాయం చెప్పడానికి ముందు ఒక్క క్షణం ఆగి, దీని భారం ఎవరిమీద పడుతున్నది అని పైకే అనండి. వారు ఆ గదిలో ఉన్నారేమో చూడండి. లేకపోతే మీరే లేచి వారి దగ్గరకు వెళ్ళండి. పదిమందిలో అడగకండి, పక్కన కూర్చుని అడగండి. కాదనే వీలు ఇచ్చి అడగండి. పలకలేనివారైతే వారి సంగతులు తెలుసుకుని వచ్చి, వారి తరఫున మీరు చెప్పండి. ఆ తరువాత తీర్పు చెప్పండి. మీ తీర్పులో తప్పు మిగలవచ్చు, మానవమాత్రులకు అది సహజం. కాని తనను ఎవరూ అడగలేదన్న బాధ మాత్రం ఆ మనిషికి మిగలదు. ఆ బాధను మాన్పడం మన చేతిలో ఉన్నది, ఈ రోజే ఉన్నది.